కుంచాల లెక్క నుంచి జాంగో దాకా: పూర్తికాలం ప్రోగ్రామర్లు కానివాళ్లకు ఫ్రేమ్‌వర్క్ నేర్పిన కేస్ స్టడీ

పార్వతీపురం మన్యం జిల్లాలో కొండ గ్రామాల మధ్య పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ విత్తనాల బ్యాంకు నడుపుతోంది. తొలకరికి ముందు మహిళలు సామలు, చోళ్లు, కొర్రలు, కందులు అప్పుగా పట్టుకెళ్తారు. పంట ఇంటికొచ్చాక కుంచానికి కుంచంన్నర చొప్పున తిరిగి కొలుస్తారు. ఈ లెక్క ఏళ్ల తరబడి ఎక్కువగా చేతిరాత రిజిస్టర్లలోనే నడిచింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నిధులిచ్చేవాళ్ల ప్రశ్నలు పెరిగాయి. ఏ పంట ఎన్ని కిలోలు వెళ్లింది, ఎంతమందికి వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది, పోయినేడు ఎలా ఉంది అని అడుగుతారు. జవాబు చెప్పాలంటే ఇద్దరు మనుషులు పనులు మానుకుని రిజిస్టర్లు తిరగేయాలి.

అంతకుముందు వాళ్లు ఒకరికి డబ్బిచ్చి సాఫ్ట్‌వేర్ రాయించుకున్నారు. రాసినాయన ఊరు మారేదాకా బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక్క కాలమ్ చేర్చాలన్నా దిక్కు లేకుండా పోయింది. అందుకే ఈసారి, "మాకే నేర్పండి సార్, చిన్న చిన్న మార్పులు మేమే చేసుకుంటాం" అని అడిగారు. నేను జాంగో మీద పనిచేసే డెవలపర్ని; జాంగో అంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న చట్రం, దాన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. వారాంతాల్లో వెళ్లి నేర్పడానికి ఒప్పుకున్నాను. ఏడాదికి పైగా సాగిన ఆ పనిలో ఏం నేర్పాను, ఏం వదిలేశాను, ఏది నిలిచింది అన్నదే ఈ కేస్ స్టడీ.

ఎవరు నేర్చుకున్నారు

అయిదుగురు. అకౌంటెంట్ గారు ట్యాలీలో తలపండిన మనిషి. ఫీల్డ్ కోఆర్డినేటర్ పొదుపు సంఘంలో బుక్‌కీపర్‌గా మొదలై పైకొచ్చినావిడ. ఏ ఊళ్లో ఎవరు ఎంత బాకీ అన్నది ఆవిడ నోటి మీదే ఉంటుంది. డీటీపీ ఆపరేటర్ కీబోర్డు చూడకుండా అను ఫాంట్లలో తెలుగు కొట్టేస్తాడు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన కుర్రాడు సీ భాషలో ఫిబనాచీ సిరీస్ కాగితం మీద రాసి చూపించగలడు, కానీ పది మంది వాడే ప్రోగ్రామ్ ఒక్కటీ చెయ్యలేదు. అయిదో వ్యక్తి దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరర్. విత్తన రకాలు గుర్తించడంలో సంస్థకు సాయం చేస్తూ, ఆసక్తి కొద్దీ క్లాసులో కూర్చున్నారు.

కుర్రాణ్ణి పక్కన పెడితే వీళ్లెవరూ ప్రోగ్రామింగ్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు కాదు, వెళ్లాలని కూడా లేదు. పూర్తికాలం ప్రోగ్రామర్లకూ వీళ్లకూ తేడా తెలివిలో ఉండదు. పని రోజూ చేతిలో ఉండదు, అంతే. విత్తుల కాలం వచ్చిందంటే అందరూ ఊళ్ల మీద ఉంటారు. కోతలప్పుడూ అంతే. ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. మామూలు కోర్సులు నిన్నటి పాఠం గుర్తుందనే లెక్కతో ఇవాళ్టి పాఠం మొదలుపెడతాయి. ఇక్కడ ఆ లెక్క మొదటి వానకే తప్పుతుంది.

అందుకని ముందే ఒక పరీక్ష నిర్ణయించాను. నెలల తరబడి ముట్టుకోని ప్రాజెక్టును, నాకు ఫోన్ చెయ్యకుండా తెరవాలి. అందులో ఒక చిన్న మార్పు చెయ్యాలి. మళ్లీ నడిచే స్థితిలో వదిలెయ్యాలి. అంతే. సున్నా నుంచి కొత్త అప్లికేషన్ కట్టగలగడం అన్నది లక్ష్యంలోనే లేదు. మరిచిపోవడం ఖాయం అనుకుని పాఠం తయారుచేస్తే ఏది ముందు చెప్పాలి, ఏది అసలు చెప్పకూడదు అన్నవన్నీ మారిపోతాయి.

ఏ ఫ్రేమ్‌వర్క్

అసలు ఎక్సెల్ చాలదా అన్నది మొదటి ప్రశ్న. చాలా సంస్థలకు చాలు, ఆ మాట వాళ్లతో చెప్పాను కూడా. ఇక్కడ చాలకపోవడానికి కారణం ఉంది. ఒక అప్పుకు రెండు మూడు విడతల్లో తిరిగి కొలతలు వస్తాయి. పాత బాకీ వచ్చే ఏడాదికి మోసుకెళ్లాలి. ఇద్దరు మనుషులు ఒకేసారి ఎంట్రీ వెయ్యాలి. ఇవి మూడూ కలిస్తే షీట్ ఆరు నెలల్లో నాలుగు కాపీలవుతుంది, అందులో అసలైనది ఏదో ఎవరికీ తెలియదు.

ఫ్లాస్క్ కూడా పైథాన్ ఫ్రేమ్‌వర్కే. చిన్నది, మొదటి పేజీ కొద్ది లైన్లలో వచ్చేస్తుంది, అందుకే కొత్తవాళ్లకు సులువు అంటారు. ఆ సులువు మొదటి పేజీ వరకే. డేటాబేస్‌కు ఏది వాడాలి, లాగిన్‌కు ఏది, ఫారాలకు ఏది అని ప్రతి మలుపులోనూ ఒక నిర్ణయం ఎదురవుతుంది. పార్ట్‌టైమ్‌గా నేర్చుకునేవాళ్లకు కోడ్ రాయడం కంటే నిర్ణయాలు తీసుకోవడమే బరువు. ఇక జావాస్క్రిప్ట్ భాషలో వెబ్ పేజీలు కట్టే రియాక్ట్‌లో, కోడ్ జోలికి వెళ్లకపోయినా చుట్టూ ఉన్న ప్యాకేజీలు మారుతూనే ఉంటాయి. మూడు నెలల తర్వాత తెరిస్తే ఏది ఎందుకు ఆగిందో వెతకడానికే నాలాంటివాడు ఒక పూట కూర్చోవాలి. వీళ్లకది పనికిరాదు.

జాంగో వైపు మొగ్గడానికి పెద్ద కారణం దాని అడ్మిన్, అంటే డేటా ఎక్కించడానికి అదే తయారుచేసి ఇచ్చే పేజీలు. 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రికకు పనిచేస్తూ ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దీన్ని మొదలుపెట్టారు. 2005 జులైలో అందరికీ విడుదలైంది. పత్రికలో డేటా ఎక్కించేది విలేకరులు, సంపాదకులు. వాళ్ల కోసం ప్రతిసారీ కొత్తగా ఎంట్రీ పేజీలు రాసే టైమ్ ఉండదు. టేబుల్ ఎలా ఉండాలో చెప్తే ఎంట్రీ ఫారం, జాబితా, వెతుకులాట దానంతట అదే తయారయ్యే ఏర్పాటు ఆ అవసరంలోంచే వచ్చింది. మా అవసరం కూడా అచ్చంగా అదే.

రెండో కారణం ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం మద్దతుండే విడుదలలు. రెండేళ్లకొకటి వస్తుంది, మూడేళ్ల పాటు భద్రతా సవరణలు అందుతాయి. మేం 4.2తో మొదలుపెట్టాం. అది 2023 ఏప్రిల్‌లో వచ్చింది, దాని మద్దతు గడువు 2026 ఏప్రిల్. మధ్యలో వచ్చే వెర్షన్ల గురించి క్లాసులో ఊసే ఎత్తలేదు.

మొదటి పాఠంలో కంప్యూటర్ లేదు

జాంగో అధికారిక ట్యుటోరియల్ ముందు ఒక వ్యూ (పేజీని తయారుచేసే కోడ్), ఒక యూఆర్ఎల్ (దాని చిరునామా) రాయించి తెర మీద హలో చూపిస్తుంది. డేటా టేబుళ్లు ఎలా ఉండాలో చెప్పే మోడల్స్ రెండో భాగంలో వస్తాయి. ప్రోగ్రామర్లకు ఆ వరుస బాగానే ఉంటుంది. అకౌంటెంట్ గారికి మాత్రం తెర మీద హలో కనిపిస్తే ఏం ఒరిగింది?

మేం రిజిస్టర్ నుంచి మొదలుపెట్టాం. బల్ల మీద మూడేళ్ల రిజిస్టర్లు పరిచి ఒకే ప్రశ్న అడిగాను: ఇందులో మళ్లీ మళ్లీ రాస్తున్నది ఏది? ఊరి పేరు, మనిషి పేరు, మొగుడి పేరు, పంట పేరు. ప్రతి సీజన్‌కూ అవే. మరి రెండు చోట్ల రెండు రకాలుగా రాస్తే? ఒక రిజిస్టర్లో చోళ్లు, ఇంకో దాంట్లో రాగులు, మరో చోట చోడి. మొత్తం తీసేటప్పుడు ఇవి మూడు పంటలుగా లెక్కలోకి వస్తున్నాయి. ఫీల్డ్ కోఆర్డినేటర్ వెంటనే, "పంటల పేర్లకి విడిగా ఒక పేజీ పెట్టేసి, ఇక్కడ నంబరు రాస్తే సరి కదండీ" అన్నారు. ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌లోని వరుసను నంబరుతో చూపించే ఫారిన్ కీ గురించి నేను చెప్పాల్సింది అక్కడితో అయిపోయింది. లెడ్జర్ ఫోలియో నంబర్లతో బతికిన అకౌంటెంట్ గారికి అది కొత్త విషయమే కాదు. నిజానికి కుర్రాడే ఎక్కువసేపు తికమకపడ్డాడు, కాలేజీలో నార్మలైజేషన్ (ఒకే సమాచారం రెండు చోట్ల లేకుండా టేబుళ్లు విడదీయడం) నిర్వచనాలు కంఠతా పట్టినవాడు.

సాయంత్రానికి చార్టు మీద అయిదు టేబుళ్లు తేలాయి: గ్రామం, సభ్యురాలు, పంట, అప్పు, తిరుగు కొలత. ఒకే ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు మనుషులు తగిలారు కాబట్టి సభ్యురాలికి నంబరు తప్పనిసరైంది. ఆధార్ నంబరుకు కాలమ్ పెడదామని ఒకరన్నారు. దాంతో ఏం పని పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు, కాబట్టి పెట్టలేదు. పని లేని డేటా దాచుకోకపోవడం కూడా వెబ్ డెవలప్‌మెంట్‌లో భాగమే, దీన్ని ట్యుటోరియళ్లలో అంతగా చెప్పరు.

అసలు చిక్కు కొలతల దగ్గర వచ్చింది. నిధులిచ్చేవాళ్లకు కిలోలు కావాలి. ఊళ్లో కుంచం, అడ్డ, మానిక. "మా ఊళ్లల్లో అడ్డెడు అంటారు గానీ కేజీ ఎవరడుగుతారు సార్" అన్నారు కోఆర్డినేటర్. కుంచం అన్నది నిండే పరిమాణం; కుంచెడు కందుల బరువు, కుంచెడు సామల బరువు ఒకటి కాదు. ఎంట్రీ వేసే మనిషి మనసులోనే కిలోలకు మార్చి రాస్తే తర్వాత తప్పు ఎక్కడ జరిగిందో దొరకదు. కాబట్టి ఊళ్లో ఎలా కొలిచారో అలాగే రాయాలి, కిలోలు లెక్కగట్టడం యంత్రం పని అనుకున్నాం. పంటల టేబుల్‌లో ఒక్కో పంటకు కుంచెడు బరువెంత అనే కాలమ్ పెట్టి, ఆఫీసు తూకం మీద తూచి నింపాం. లెక్చరర్ గారు ఇక్కడ చాలా పట్టుదలగా ఉన్నారు: తేమ ఉన్న గింజ బరువు వేరు, ఎండిన గింజ బరువు వేరు అని. ఆ పట్టింపు పెట్టుకుంటే బాకీలు ఎప్పటికీ తేలవని కోఆర్డినేటర్ కొట్టిపారేశారు. తేమ లేకుండానే మోడల్ ఖరారైంది.

ఈ చర్చ ఒక పూటంతా పట్టింది. ఇంత టైమ్ ఇవ్వడం దండగ అనిపించవచ్చు గానీ, తర్వాత నెలల్లో మోడల్స్ ఫైల్ తెరిచినప్పుడల్లా వాళ్లకు చప్పున అర్థమైంది అంటే కారణం ఆ పూటే. కోడ్‌లో ప్రతి లైను వెనకా వాళ్లు ఆడిన వాదన ఒకటి ఉంది.

అడ్మిన్ చేసిన మేలు

ఇన్‌స్టాల్ గురించి క్లుప్తంగా చెప్తాను. ఆఫీసులో నెట్ వస్తూ పోతూ ఉంటుంది. కాబట్టి పైథాన్ ఇన్‌స్టాలర్, జాంగో, దాని వెంట కావాల్సిన ఏఎస్‌జీఐరెఫ్, ఎస్‌క్యూఎల్‌పార్స్, విండోస్‌కు టీజెడ్‌డేటా, ఇవన్నీ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్ నెట్ లేకుండా ఆ ఫోల్డర్ నుంచే తీసుకుంటుంది. విండోస్ పవర్‌షెల్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు ప్యాకేజీలను విడిగా ఉంచే ఫోల్డర్) స్క్రిప్టును అడ్డుకుంటుందని తెలుసు కనుక మామూలు కమాండ్ ప్రాంప్టే వాడించాను. పైథాన్‌ను పాత్‌లో (విండోస్ ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితాలో) చేర్చే టిక్కు మరిచిపోతే ఎంత టైమ్ పోతుందో నేర్పినవాళ్లందరికీ తెలుసు.

మోడల్స్ ఫైల్ టైప్ చేశారు, దాని ప్రకారం డేటాబేస్‌లో టేబుళ్లు తయారుచేసే మైగ్రేట్ కమాండ్ కొట్టారు, అడ్మిన్‌లో రిజిస్టర్ చేశారు. ఒక్కసారిగా లాగిన్ పేజీ, దాని వెనక ఎంట్రీ ఫారం వచ్చేశాయి. కోఆర్డినేటర్ అప్పటికప్పుడు రిజిస్టర్లోంచి నాలుగు అప్పులు ఎక్కించారు. జాబితాలో పేర్లకు బదులు మెంబర్ ఆబ్జెక్ట్ 1, మెంబర్ ఆబ్జెక్ట్ 2 అని కనిపించాయి. ఆవిడ మొహం చిట్లించి "ఇదేంటి, ఖైదీల నంబర్లలాగా" అన్నారు. ఎంట్రీ ఏ పేరుతో కనిపించాలో చెప్పే ఎస్‌టీఆర్ అనే మెథడ్ ఎందుకో చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. పంట అని తెలుగులో పేరు పెడితే జాంగో బహువచనం కోసం దాని చివర ఇంగ్లీషు ఎస్ అక్షరం తగిలించింది. అందరూ నవ్వారు. బహువచనం మనమే చెప్పే వెర్బోస్ నేమ్ ప్లూరల్ అన్న సెట్టింగ్ ఆ నవ్వుతో పాటే గుర్తుండిపోయింది.

అడ్మిన్‌లో చెయ్యగలిగిన మార్పులన్నీ ఒకే తరహాలో ఉంటాయి: జాబితాలో ఏ కాలమ్‌లు కనిపించాలి, దేని మీద వెతకాలి, పక్కన ఏ ఫిల్టర్లు ఉండాలి. ఒక బ్రాకెట్‌లో ఒక పేరు చేర్చి సేవ్ చేసి పేజీ రిఫ్రెష్ చేస్తే ఫలితం కనిపిస్తుంది. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ఫలితం వచ్చేచోట నేర్చుకోవాలన్న ఆశ నిలుస్తుంది. వ్యూలు, టెంప్లేట్లు (పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఫైళ్లు) చాలా ఆలస్యంగా వచ్చాయి, అదీ ఒక్క ప్రింట్ రసీదు కోసం. జావాస్క్రిప్ట్ అసలు రాలేదు.

జాంగో నేర్పే తోటివాళ్లు కొందరు దీనికి ఒప్పుకోరు. అడ్మిన్ నేర్పితే ఫ్రేమ్‌వర్క్ నేర్పినట్టు కాదంటారు. ఉద్యోగానికి తయారయ్యేవాడి విషయంలో అది నిజమే.

తెలుగు ఎక్కించడం దగ్గర ఒక పోరు తప్పలేదు. పాత జాబితాలు అను ఫాంట్లలో ఉన్నాయి. అక్కడ తెలుగులా కనిపించేదాన్ని కాపీ చేసి బ్రౌజర్‌లో వేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కుప్ప. డీటీపీ ఆపరేటర్‌కు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్) అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. కన్వర్టర్‌తో మార్చి, పేరుపేరునా సరిచూసి, మొత్తం ఎక్కించింది అతనే. అయినా వెతికితే కొన్ని పేర్లు దొరకలేదు. చూస్తే అక్షరాల మధ్య కంటికి కనిపించని, అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంది. ఫోన్ కీబోర్డు ఒకలా పెడుతుంది, కంప్యూటర్ ఇంకోలా పెడుతుంది. దానికి తోడు లక్ష్మి, లక్ష్మీ, లచ్చిమి. పేరుతో వెతకడం మానేసి సభ్యురాలి నంబరుతో వెతకడం అలవాటు చేశాం.

మైగ్రేషన్ అంటే భయం

కోర్సు మొత్తంలో అందరికీ కొరకరాని కొయ్య మైగ్రేషన్, అంటే మోడల్స్‌లో చేసిన మార్పును డేటాబేస్‌లోకి ఎక్కించడం. ఫైల్లో మార్పు చేస్తే డేటాబేస్ ఎందుకు మారదు? మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ అని రెండు కమాండ్లు ఎందుకు? సీజన్ మధ్యలో, అప్పటికే వందల ఎంట్రీలు ఉండగా, అప్పు టేబుల్‌కు కొలత రకం అనే కాలమ్ చేర్చాల్సి వచ్చింది. అదివరకు అన్నీ కుంచాల్లోనే రాశారు, కొత్తగా చేరిన ఊళ్లు అడ్డల్లో కొలుస్తున్నాయి. కమాండ్ కొట్టగానే జాంగో అడ్డుపడింది: ఖాళీగా ఉండకూడని ఫీల్డును డీఫాల్ట్ లేకుండా చేర్చడం కుదరదు, ఒకటి నొక్కి ఇప్పుడే విలువ ఇవ్వు, రెండు నొక్కి వెనక్కి వెళ్లు. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. అందరి మొహాల్లో టెన్షన్.

అకౌంటెంట్ గారితో అన్నాను: ట్యాలీలో కొత్త కంపెనీ తెరిచినప్పుడు పాత లెడ్జర్లకు ఓపెనింగ్ బ్యాలెన్స్ అడగదా? ఇదీ అంతే, పాత ఎంట్రీలకు ఏం రాయమంటారని అడుగుతోంది. ఆయన "కుంచం" అన్నారు. విలువ ఇచ్చారు. నడిచింది. ఆ తర్వాత కూడా మైగ్రేషన్‌కు ముందు డేటాబేస్ ఫైల్ కాపీ తీసుకోవడం నియమంగా పెట్టుకున్నాం. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడినందుకు దక్కిన పెద్ద లాభం అది: డేటా మొత్తం ఒకే ఫైల్, సర్వర్ ఆపి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. వెనక్కి వెళ్లే దారి ఉందని తెలిశాక భయం సగం తగ్గింది. పెద్ద డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ మంచిదే, కానీ దాని బ్యాకప్ వీళ్లకు నేర్పడానికి ఇంకో సీజన్ కావాలి.

ఎర్రర్లను చదవడం మీద మాత్రం టైమ్ ధారాళంగా ఖర్చుపెట్టాను. ముందు నేనే కోడ్‌ను కావాలని చెడగొట్టేవాణ్ణి, తర్వాత ఒకరి కోడ్ ఒకరు చెడగొట్టుకునేవాళ్లు. జాంగో పసుపు పేజీలో పైన మొదటి లైను చదవాలి, కిందికి వచ్చి మన ఫోల్డర్ పేరు ఉన్న లైను వెతకాలి, మిగతాది వదిలెయ్యాలి. ఒక పొడుగు నోటుబుక్కు పెట్టి అందులో ఎర్రర్ ఒక వైపు, తెలుగులో కారణం ఇంకో వైపు రాశారు. నో సచ్ టేబుల్ అంటే మైగ్రేట్ మరిచిపోయాం. టెంప్లేట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్ అంటే ఫోల్డర్ పేరు చూడు. 403 వస్తే ఫారంలో సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) లేదు. మొదట్లో వేగంగా నిండిన ఆ పుస్తకం తర్వాత నెమ్మదించింది, పాత పేజీల్లోనే జవాబు దొరకడం మొదలైంది.

కరెంటు పోయిన పూటలకు చీటీల ఆట ఉండేది. పనిచేసే కోడ్‌లోని లైన్లను విడివిడిగా కత్తిరించి కలిపేస్తాను. సరైన వరుసలో, సరైన ఇండెంటేషన్‌తో బల్ల మీద పేర్చాలి. ఇది న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, ప్యాట్రిషియా హేడెన్ 2006లో ప్రతిపాదించిన పద్ధతి, పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు. స్పెల్లింగ్ తప్పుల గోల లేకుండా బుర్ర మొత్తం వరుస మీదే పెట్టొచ్చు. ఇంగ్లీషు టైపింగ్ నెమ్మదిగా చేసే కోఆర్డినేటర్ ఈ ఆటలో కుర్రాణ్ణి చాలాసార్లు ఓడించారు. రంగు చీటీల పద్ధతిని కూడా వాడాను, అది శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ క్లాసుల్లో అలవాటు. ఆగిపోయినవాళ్లు ల్యాప్‌టాప్ మీద ఎర్ర చీటీ అంటిస్తారు. "నాకర్థం కాలేదు" అని నోరు తెరిచి చెప్పడానికి అకౌంటెంట్ గారి వయసువాళ్లు మొహమాటపడతారు, చీటీ అంటించడానికి పడరు.

విరామం తర్వాత

కోతలు అయ్యాక మళ్లీ కలిశాం. ఎవరికి ఏం గుర్తుంది అని నేను అడగలేదు. కాగితం చేతికిచ్చి వెనక కూర్చున్నాను.

ఆ కాగితం కోర్సు మొదట్లోనే తయారైంది. ఒకే పేజీ, తెలుగులో. ప్రాజెక్టు ఏ ఫోల్డర్‌లో ఉంది, ఏ ఫైల్‌ మీద డబుల్ క్లిక్ చేస్తే సర్వర్ మొదలవుతుంది, బ్రౌజర్‌లో ఏం కొట్టాలి, ఏ రకం మార్పు ఏ ఫైల్లో చెయ్యాలి, మార్చాక ఏ కమాండ్లు, చెడితే పాత కాపీ ఎలా పెట్టాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసి రన్‌సర్వర్ నడిపే పనిని ఒక బ్యాచ్ ఫైల్‌లో పెట్టేశాం, ఎందుకంటే అది గుర్తుపెట్టుకోవడం వల్ల ఎవరికీ జ్ఞానం పెరగదు. ప్రతి ఫైల్ పైనా ఈ ఫైల్ దేనికో రెండు లైన్ల తెలుగు కామెంట్ ఉంది.

పని ఇది: తిరుగు కొలతల జాబితాలో ఎవరు కొలిచారో కనిపించాలి, ఆ పేరు మీద ఫిల్టర్ ఉండాలి. దీనికి మోడల్‌లో ఒక ఫీల్డు, రెండు కమాండ్లు, అడ్మిన్‌లో రెండు చోట్ల మార్పు కావాలి.

కోఆర్డినేటర్ కాగితం చూసుకుంటూ, వేలితో లైన్లు అనుసరిస్తూ చేసేశారు. మైగ్రేషన్ ప్రశ్న అడిగినప్పుడు నోటుబుక్కు తిరగేశారు, జవాబు దొరికింది. అకౌంటెంట్ గారు చేశారు గానీ, మైగ్రేట్‌కు ముందు డేటాబేస్ కాపీ ఒకటి కాదు, రెండు తీశారు. ఆయన స్వభావం అది, అభ్యంతరం లేదు. డీటీపీ ఆపరేటర్ మోడల్స్ ఫైల్ దగ్గర ఆగిపోయాడు. అతనికి టెంప్లేట్లు, పేజీ రూపు దిద్దే సీఎస్ఎస్ వచ్చినంత బాగా ఇది రాలేదు. రసీదును తెలుగులో అందంగా ప్రింటయ్యేలా చేసింది మాత్రం అతనే, నా సాయం లేకుండా. కుర్రాడు మిగతావాళ్ల కంటే ముందే ముగించి, అడగని పనులు మూడు చేసి, వాటిలో ఒకదాన్ని చెడగొట్టాడు. లెక్చరర్ గారు విరామం తర్వాత రాలేదు. రోజువారీ పనిలో ఈ డేటాతో ఆయనకు అవసరం లేదు. ఆసక్తి ఒక్కటే ఉంటే విరామం దాటి రావడం కష్టం. అవసరం ఉన్నవాళ్లు వచ్చారు.

చాట్‌జీపీటీ సంగతి కూడా చెప్పాలి. కుర్రాడి ద్వారా అందరికీ అలవాటైంది. ఎర్రర్ అతికించి జవాబు తెచ్చుకోవడంలో తప్పేం లేదు. కానీ అది తరచుగా చిన్న ప్రశ్నకు కొత్త ఫైల్ మొత్తం రాసిచ్చేస్తుంది, అందులో మన టేబుల్ పేర్లు ఉండవు. రెండు షరతులు పెట్టాం. ముందు ఎందుకు వచ్చిందో చెప్పమని అడగాలి, కోడ్ తర్వాత. సెట్టింగ్స్ ఫైల్ గానీ సభ్యుల పేర్లు గానీ అతికించకూడదు. మొదటి షరతు అప్పుడప్పుడు తప్పుతున్నారు, రెండోది పాటిస్తున్నారు.

నేర్పనివి

డిప్లాయ్‌మెంట్, అంటే అప్లికేషన్‌ను అందరూ వాడేలా సర్వర్ మీద పెట్టడం, నేర్పలేదు. ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్ మీద వెయిట్రెస్ అనే సర్వర్‌తో నేనే పెట్టాను, ఆఫీసు వైఫైలో ఉన్నవాళ్లు మాత్రమే తెరవగలరు. తప్పులు వివరంగా చూపించే డీబగ్ సెట్టింగ్ ఆఫ్ చెయ్యగానే అడ్మిన్ రంగులన్నీ పోయి బోసిగా కనిపించడం, దానికి వైట్‌నాయిజ్ అనే ప్యాకేజీ పెట్టడం, అలౌడ్ హోస్ట్స్ అనే సెట్టింగ్‌లో చిరునామా చేర్చడం, ఇవి ఏడాదికోసారి వచ్చే పనులు. ఏడాదికోసారి చేసే పనిని పార్ట్‌టైమ్ మనిషికి నేర్పడం వృథా, అది రాసిపెట్టి బయటివాళ్లతో చేయించుకోవాలి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ కూడా నేర్పలేదు. తేదీ పేరుతో ఫోల్డర్ కాపీ చేసుకుంటారు. ప్రోగ్రామర్లు నవ్వుతారని తెలుసు, కానీ అయిదుగురిలో ఎవరూ ఒకే ఫైల్ మీద ఒకేసారి పనిచెయ్యరు.

తర్వాత ఏమైంది

కుర్రాడికి విశాఖలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. పాత సాఫ్ట్‌వేర్ ఇలాంటి కారణంతోనే మూలపడింది కాబట్టి అందరూ కంగారుపడ్డారు. ఆ సీజన్‌లో మూడు మార్పులు అవసరమయ్యాయి. రెండు కోఆర్డినేటర్ చేశారు. మూడోది, ఊరి వారీగా బాకీలను సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్) గా తీసే అడ్మిన్ యాక్షన్ (జాబితా మీద నడిపే ఆదేశం), అకౌంటెంట్ గారు పాత యాక్షన్‌ను కాపీ చేసి మార్చుకుని సాధించారు. ఆయన రాసిన కోడ్‌లో ఒకే లెక్క రెండుసార్లు జరుగుతుంది. ఫలితం సరిగ్గా వస్తోంది, నేను ముట్టుకోలేదు. 5.2 ఎల్‌టీఎస్ 2025 ఏప్రిల్‌లో వచ్చాక వెర్షన్ మార్పు నేనే చేశాను. వాళ్ల మోడల్స్‌లో ఒక్క లైను కూడా మార్చాల్సిన పని పడలేదు.

తీరని కోరిక ఒకటుంది. కొండ మీద ఊళ్లలో సిగ్నల్ ఉండదు. కల్లం దగ్గరే ఫోన్‌లో ఎంట్రీ వేసి, కిందికి వచ్చాక అది దానంతట అదే ఎక్కేలా చెయ్యమని కోఆర్డినేటర్ అడుగుతున్నారు. కావాల్సిందే, న్యాయమైనదే. కానీ దానికి సర్వీస్ వర్కర్లు (నెట్ లేనప్పుడూ బ్రౌజర్‌లో పనిచేసే కోడ్), ఫోన్‌లో దాచిన డేటా, ఇద్దరు ఒకే అప్పును మారిస్తే ఎవరిది నిలవాలన్న గొడవ, ఇవన్నీ వస్తాయి. నేను కట్టివ్వగలను, వాళ్లు బాగుచేసుకోలేరు. మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ కథే అవుతుంది. ప్రస్తుతానికి ఊళ్లో వాడే అప్పు కాగితాన్ని అడ్మిన్ ఫారంలో గడులు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో డీటీపీ ఆపరేటర్ కొత్తగా అచ్చు వేయించాడు. ఎంట్రీ వేసేటప్పుడు కళ్లు కాగితం మీద అటూ ఇటూ వెతుక్కోనక్కర్లేదు. వచ్చే తొలకరికి ఇద్దరు కొత్త సిబ్బంది చేరుతున్నారు, రిజిస్టర్ల పాఠం తానే చెప్తానని అకౌంటెంట్ గారు అన్నారు.